ఎవరొచ్చి లెమ్మన్నా లేయొద్దు

ఏ స్టేషనో రాయను. రాస్తే ఆ ఊరివాళ్లెవరో వచ్చి, గూడ్సు ఆగింది మూడో లైను మీద కాదు, నాలుగో లైను మీద అని వాదనకు దిగుతారు. వాదన నాకు కొత్త కాదు. ఇంట్లో, కాలేజీ స్టాఫ్ రూములో, కూరగాయల అంగట్లో, మా గోడకు పోస్టర్లు అంటించే వాళ్లతో కూడా వాదించి గెలిచిన మనిషిని. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరితోనూ వాదించే ఓపిక లేదు. ఆ రోజు గంటకు పైగా గొంతు చించుకుని వాదించాను. చెప్పవలసిన ఒక్క ముక్క మాత్రం చెప్పలేదు.

కర్నూలు నుంచి కడపకు పోతున్నాను. మా అక్కకు కంటి ఆపరేషన్ అయింది. కంట్లో చుక్కలు వేసే మనిషి కావాలని నన్ను పిలిచింది. నిజానికి చుక్కల కోసం కాదు, డాక్టరుతో పోట్లాడటానికి పిలిచిందని నా అనుమానం. మధ్యలో రైలు మారాలి. ఆదివారం మధ్యాహ్నం, రెండో రైలు గంటన్నర ఆలస్యమని బోర్డు మీద ఉంది. ఏదో ఉద్యోగ పరీక్ష రాసి ఊళ్లకు పోతున్న పిల్లలతో ప్లాట్‌ఫాం కిటకిటలాడుతోంది. మెట్ల మీద, తూకం మిషను మీద, చెత్తకుండీ అంచు మీద కూడా మనుషులే.

నా దగ్గర చక్రాల సూట్‌కేసు, దాని మీద ఒక గుడ్డసంచి. సంచిలో మా కాలేజీ పిల్లల క్వార్టర్లీ పరీక్ష పేపర్లు. నేను సివిక్స్ చెబుతాను. అక్క ఇంట్లో కూర్చుని దిద్దుదామని తెచ్చాను.

నీడ కోసం వెతుక్కుంటూ ప్లాట్‌ఫాం చివరిదాకా పోయాను. అక్కడ ఎప్పుడో మూతబడిన పుస్తకాల అంగడి ఒకటి ఉంది. దాని వెనక, పార్సిల్ మూటల గుట్టకూ గోడకూ మధ్య, ఒక సిమెంటు బెంచీ. ఇటువైపు నుంచి చూస్తే అక్కడొక బెంచీ ఉందని కూడా తెలియదు. దాని మీద ఒక ముసలామె కాళ్లు చాపుకుని కూర్చుంది.

"అవ్వా, కొంచెం జరుగు" అన్నాను.

ఆమె జరగలేదు. నన్ను తల నుంచి కాళ్లదాకా చూసింది.

"అవ్వ యాడుండాది మ్మా ఈడ? నీకూ నాకూ ఎన్నేండ్లు తేడా? నువ్వు తలకు రంగేసుకున్నావు, నేను ఏసుకోలేదు. అంతే గదా."

నాకు వెంటనే జవాబు తోచని సందర్భాలు జీవితంలో తక్కువ. అది ఒకటి.

"సరే అక్కా, జరుగు."

"అట్ల పిలువు" అని కాళ్లు ముడుచుకుంది.

అయిదు నిమిషాల్లో ఆమె కథంతా నాకు తెలిసిపోయింది. బేతంచెర్ల పక్కన పల్లె. ఇరవై ఏళ్లు బండల పాలిష్ మిషన్ల దగ్గర పని చేసింది. దగ్గు పట్టుకుంటే మాన్పించారు. చిన్నకూతురు కమలాపురంలో కాన్పయింది, అక్కడికి పోతోంది.

"రెండోది గూడ ఆడబిడ్డే. వాళ్లత్త మూతి ముడుచుకోని కూర్చోనుండాదంట. ఆ మూతి సరిచేసేకి పోతాండా."

ఒళ్లో చిన్న మూట. అందులో బిడ్డ కింద వేయడానికి పాత చీరల గుడ్డలు. ఉతికి ఉతికి మెత్తబడినవి, నలుచదరంగా కత్తిరించి మడతలు పెట్టింది. ఒక గుడ్డ తీసి నా చెంపకు ఆనించి, "చూడు, ఎంత మెత్తగుండాదో" అంది. మాట్లాడుతూ మాట్లాడుతూ దగ్గేది. పొడిదగ్గు. లోపల ఎక్కడో రాయి మీద రాయి గీసినట్టు.

ఆమె నాకు నచ్చింది. నా తీరు మనిషే అనుకున్నాను. పేరు అడగలేదు. అక్కా అంటున్నాను కదా, ఇంక పేరెందుకు?

కాసేపటికి నాకు కుదురు లేకపోయింది. గంటన్నర ఆలస్యం అంటే ఎక్కడి నుంచి గంటన్నర, ఇంకా పెరుగుతుందా, ఎవరో ఒకరు నాకు జవాబు చెప్పాలి. "సామాను చూస్తాంటావా అక్కా, పోయి కనుక్కోనొస్తా" అన్నాను.

మన స్టేషన్లలో ఈ మాట ఎంత తేలికగా అంటాం! ముక్కూ మొహం తెలియని మనిషికి ఇంటి తాళాలు, మందులు, బట్టలు అన్నీ అప్పగించి పోతాం. వాళ్లూ "పో మ్మా, చూస్తాంటాలే" అంటారు. కాయితం లేదు, సాక్షి లేడు. అయినా నూటికి తొంభైతొమ్మిది సార్లు మన సామాను మనకుంటుంది. నేను కూడా అట్లాగే ఒక మాట అడిగి పోయి ఉంటే సరిపోయేది. కానీ నేను చదువుకున్నదాన్ని. పైగా ఆ నెలలోనే మా కాలేజీలో ఒకామె బ్యాగు ఇట్లాగే పోయింది. ఖాకీ చొక్కా వేసుకున్నవాడెవడో వచ్చి, ఇక్కడ కూర్చోకూడదని సామాను చూసుకుంటున్న మనిషిని లేపి, బ్యాగు పట్టుకుపోయాడు. ఆ కథ వారం రోజులు స్టాఫ్ రూములో చెప్పుకున్నాం. అందుకని ఆమె ముందు నిలబడి, క్లాసులో చెప్పినట్టు చెప్పాను.

"చూడక్కా, దొంగలు శానా తెలివి మీరినారు. మీ మేడం పిలుస్తాంది రమ్మంటారు. ఈడ కూర్చోగూడదు, పక్కకు పొమ్మంటారు. ఖాకీ బట్టలేసుకోని వస్తారు. ఎవరేం చెప్పినా నమ్మొద్దు. పోలీసని చెప్పినా నమ్మొద్దు. నేను వచ్చేదాకా ఎవరొచ్చి లెమ్మన్నా లేయొద్దు. సరేనా? ఒట్టు?"

"మాకు ఒట్లు లేవు మ్మా. మా చర్చి అయ్యగారు ఒప్పుకోడు. లేయనంటే లేయను, అంతే. నీకంత నమ్మకం లేకుంటే సామాను నెత్తిన పెట్టుకోని పో."

"నమ్మకం లేక కాదులే."

"అయితే ఈ సీసాలో నీళ్లు పట్టుకోని రా. దగ్గొస్తే గుక్కెడు లేవు."

పాత కూల్‌డ్రింక్ సీసా అది. మెడకు ఎర్రగుడ్డ పేలిక కట్టి ఉంది. ఎందుకని అడిగితే, మిషన్ల దగ్గర అందరి సీసాలూ ఒకే తీరుగా ఉంటాయి, పేలిక లేకుంటే నా నీళ్లు నువ్వు తాగినావని కొట్లాటలు అంది.

సీసా పట్టుకుని పోయాను. నీళ్ల కుళాయి విచారణ కిటికీకి నాలుగడుగుల దూరంలో ఉంది. ముందు నీళ్లు పట్టుకోవాలా, ముందు అడగాలా అని ఒక్క క్షణం ఆగాను. కిటికీ దగ్గర జనం పలచగా ఉన్నారని ముందు అడగబోయాను.

"గంటన్నర అంటే ఇక్కడికి వచ్చేసరికి గంటన్నరా, బయలుదేరేటప్పుడే గంటన్నరా?"

"బోర్డు చూడండి మేడం."

"బోర్డు చూసే అడుగుతున్నా. ఆ బోర్డు రాసింది మీరే కదా?"

అట్లా మొదలైంది. నా వెనక వరుస పెరిగింది. నేను నా ధోరణిలో ఉన్నాను. అప్పుడు వాసన తగిలింది. పెట్రోలు వాసన. ఎవరో మోటార్ సైకిల్ పార్సిల్ వేస్తున్నారేమో అనుకుని పట్టించుకోలేదు. కిటికీలో మనిషికి ఫోను వచ్చింది. విన్నాడు. మొహం మారింది. ఫోను పెట్టీ పెట్టక ముందే కిటికీ షట్టరు దించేశాడు.

నా నుంచి తప్పించుకోవడానికే దించాడనుకున్నాను.

"ఏమప్పా, మనిషి మాట్లాడతాంటే కిటికీ ఏస్తావా?" అని షట్టరు మీద సీసాతో కొట్టాను.

మైకులో గొంతు వినిపించింది. గూడ్సు బండి ట్యాంకరు నుంచి పెట్రోలు కారుతోందని, ప్రయాణికులంతా వెంటనే స్టేషన్ ఖాళీ చేయాలని, బీడీ, అగ్గిపెట్టె వెలిగించకూడదని, ఫోన్లు వాడకూడదని చెప్పింది. ఒకసారి చెప్పింది. రెండోసారి సగంలో ఆగిపోయింది. కరెంటు తీసేశారు. ఫ్యాన్లన్నీ ఒక్కసారి నిదానించి ఆగాయి. అంత పెద్ద స్టేషన్లో అంతసేపూ ఎంత చప్పుడు ఉందో అది పోయాకే తెలిసింది.

మొదట ఎవరూ కదల్లేదు. రైల్వే మైకు చెప్పింది వినే అలవాటు మనకు లేదు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరో ఒకరు పరుగెత్తారు. అంతే, అందరూ పరుగే. అరుపులు పెద్దగా లేవు. చెప్పుల చప్పుడు, వేలమంది చెప్పుల చప్పుడు, దాని మీద పోలీసుల విజిళ్లు. హాల్ టికెట్ల ప్లాస్టిక్ కవర్లు కాళ్ల కింద జారుతున్నాయి. పైవంతెన మీది జనం మెట్ల మీద గుత్తిగా ఇరుక్కుని, ఊడి, కిందికి జారినట్టు వచ్చారు. నేను తలుపుకు దగ్గరగా ఉన్నదాన్ని. నా ఇష్టంతో పని లేకుండానే అందరికంటే ముందు బయట పడ్డాను.

పడగానే వెనక్కి తిరిగాను.

"నా సామాను! నా సామాను లోపలుంది!"

నిజంగా అవే మాటలు. ఇన్ని రోజులుగా మార్చి చూస్తున్నాను, మారవు.

గేటు దగ్గర ఒక కానిస్టేబుల్ చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. నడివయసు మనిషి, చెమటతో తడిసిపోయి ఉన్నాడు. "సామాను మళ్లొస్తాది మ్మా, ప్రాణం వస్తాదా?" అన్నాడు.

"అందులో పరీక్ష పేపర్లున్నాయి. పోతే నువ్వు బాధ్యుడివా? పేరేంది నీది?"

"నా పేరెందుకులే మ్మా. వెనక్కి పో."

రోడ్డు మీదికి తోశారు. రోడ్డుకు అడ్డంగా తాడు కట్టారు. తాడు ఇవతల ఊరంతా ఉన్నట్టుంది. రెండు ఫైరింజన్లు వచ్చి లోపలికి పోయాయి. ఎండ. వాసన అక్కడిదాకా వస్తోంది, తీపిగా. నేను తాడు పట్టుకుని నా వాదన సాగిస్తూనే ఉన్నాను. ప్రయాణికుల ఆస్తికి ఎవరు పూచీ? లోపల దొంగలు పడితే? ఒక్క మనిషిని వెంట పంపండి, రెండు నిమిషాల్లో తెచ్చుకుంటా. పక్కన ఎవరో, "మేడంకు ప్రాణం సూట్‌కేసులో పెట్టినాడు దేవుడు" అన్నారు. నవ్వులు. చంకలో బిడ్డతో ఉన్న ఒకామె, "బిడ్డ పాలసీసా లోపలే పడిపాయ, నేనే గమ్మునుండా. నువ్వేందక్కా ఇంత గోల" అంది. ఆమెకూ ఏదో జవాబు చెప్పాను. మంచి జవాబే చెప్పి ఉంటాను.

ఆ గంటలో ఆ ముసలామె నాకు గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. వచ్చింది కాబట్టే ఇది రాస్తున్నాను. అందరితోపాటు బయటికి వచ్చేసి ఉంటుందనుకున్నాను. నా సూట్‌కేసు అక్కడే పడేసి వచ్చి ఉంటుందనుకున్నాను. కోపం కూడా వచ్చింది, అంత చెప్పినా వదిలేసిందే అని. జనంలో ఆమె కోసం చూశాను. ఆమె చేతిలో నా సూట్‌కేసు ఉందేమోనని చూశాను.

తాడును ఇంకా వెనక్కి జరపమని పైనుంచి చెప్పారు. కానిస్టేబుల్ నేల మీద కూర్చున్న వాళ్లను లేపుతూ వస్తున్నాడు. "లేయండి, లేయండి, వెనక్కి జరగండి." నా కాళ్ల దగ్గర ఒక ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. లెమ్మనగానే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచాడు.

అంత సులువుగా లేచాడు. ఖాకీ చొక్కా లెమ్మంది, లేచాడు.

ఆమె లేవదు.

ఎవరొచ్చి లెమ్మన్నా లేయొద్దు. పోలీసని చెప్పినా నమ్మొద్దు. మైకు ఆ మూలకు వినిపించి ఉంటుందా? వినిపించినా, ఇదంతా నా సూట్‌కేసు కోసం ఎవరో ఆడుతున్న నాటకం అనుకుని ఉంటుంది. అట్లా అనుకోమని చెప్పిందాన్ని నేనే.

కానిస్టేబుల్ చెయ్యి పట్టుకున్నాను. "లోపల ఒక మనిషుంది."

అతను నన్ను చూసిన చూపు మరిచిపోను. "ఇందాక సామానంటివి. ఇప్పుడు మనిషంటాండావు. ఇంకాసేపటికి ఏనుగుండాదంటావు."

"నిజంగా ఉంది. పుస్తకాల అంగడి వెనక. బెంచీ మీద."

"ఈ కొననుంచి ఆ కొనకు చూసినాం మ్మా. కుక్కలు తప్ప ఎవురూ లేరు."

"వెనక చూసినావా? మూటల వెనక?"

"సూట్‌కేసు కోసం ఎన్ని మాటలు నేర్చినావు మ్మా!"

చుట్టూ మళ్లీ నవ్వులు. ఆ నవ్వులు నేను సంపాదించుకున్నవే. ఎవరినైనా ఒప్పించగలను అనుకునేదాన్ని, ఆ పూట నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. రెండు చేతులూ జోడించాను. జోడించిన చేతుల మధ్య ఆ సీసా ఉంది.

తాడు అవతల నుంచి ఫైరింజన్ వాళ్లలో పెద్దాయన ఒకాయన, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, దగ్గరికి వచ్చాడు. అంతా విన్నాడు. ఒక్క ప్రశ్న అడిగాడు.

"అందరూ వచ్చేస్తే ఆమె ఎందుకుంటాది?"

"నేను ఉండమన్నాను సార్."

ఆయన హెల్మెట్ పెట్టుకుని లోపలికి పోయాడు.

పది నిమిషాలు పట్టిందేమో. ఒక్కడే తిరిగి వచ్చాడు.

"ఉండాది. రానంటాంది. మొదట ఎవరో పోలీసాయన పిలిస్తే, వస్తాండా పో అని చెప్పి, ఆయన పోయినాక మూటల సందులోకి దూరిందంట. మమ్మల్ని చూసి, పోండ్రా, మీ యేషాలు నాకు తెలుసు అంటాంది. ఎత్తుకొస్తామని చెయ్యేస్తే కరిచింది. ముక్కుకు పొడిగుడ్డ పెట్టుకోని ఉండాది, మనిషి బాగలేదు. పెనుగులాడుతూ తెచ్చే చోటు కాదమ్మా అది, కింద కాలవలో పారుతాంది పెట్రోలు. మీరు రాగూడదు. మీరు పంపినారని నమ్మేట్టు ఏదన్నా గుర్తియ్యండి."

సీసా ఇచ్చాను. ఎర్రపేలిక చూపించాను.

పక్కనే మజ్జిగ బండి ఉంది. బండి మీద నీళ్ల బిందె ఉంది. నాకు తట్టలేదు.

ఆ తర్వాత ఆమె వచ్చింది. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని నడిపిస్తున్నారు. సూట్‌కేసు మాత్రం వాళ్లకు ఇవ్వలేదు, తనే లాక్కుంటూ వచ్చింది. గుడ్డసంచి మెడకు తగిలించుకుంది. కళ్లు ఎర్రగా ఉబ్బిపోయి ఉన్నాయి, చీర ముందు భాగమంతా వాంతి. జనం నోరు మూసుకుని దారి ఇచ్చారు. రోడ్డు అంచున కూర్చోబెట్టారు. నేను పోయి ఎదురుగా కూలబడ్డాను. నన్ను గుర్తుపట్టడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది.

"చూసుకో మ్మా" అంటూ సూట్‌కేసు నా వైపు తోసింది. "సంచి గూడ ఉండాది."

తర్వాత చేతిలోని సీసాను ఎత్తి, వెలుతురుకు పట్టి చూసింది. ఒకసారి ఊపింది.

"నీళ్లు దొరకలేదా?"

కోపంగా కాదు. దొరకలేదేమో, పాపం శానా తిరిగిందేమో అన్నట్టు.

"గుడ్డ తడుపుకుందామంటే..." అంది. మిగతాది దగ్గు మింగేసింది. ఆ దగ్గు ఆగలేదు. అంబులెన్సు వాళ్లు వచ్చారు. పడుకోబెడుతుంటే ఆమె చేయి చాచి సీసా నా చేతికి ఇచ్చింది.

"ఈసారన్నా పట్టుకోని రా మ్మా."

పరుగెత్తాను. మజ్జిగ బండి బిందె అప్పటికి అడుగంటింది. అంత జనం తాగాక ఏముంటుంది? హోటలుకు షట్టరు వేసి ఉంది. సందులోకి పోయి ఒక ఇంటి తలుపు కొట్టాను. ఒకామె ఏమీ అడగకుండా కుండలోంచి సీసా నింపి ఇచ్చింది. తిరిగి వచ్చేసరికి అంబులెన్సు లేదు.

"పంపించేసినాం మ్మా, శానా ఎగబోస్తాంది" అన్నాడు కానిస్టేబుల్. "నీ సామాను సరిగ్గుండాదా, చూసుకో."

అతని మాటలో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

ఇక్కడ నేను ఆసుపత్రికి పోయానని రాయాలి. పోలేదు. ఫోన్లు మళ్లీ పలకగానే అక్క దగ్గర నుంచి పదకొండు సార్లు వచ్చిన పిలుపు కనిపించింది. పొద్దు వాలుతోంది, రైళ్లు ఎప్పుడు కదులుతాయో తెలియదు, కడప బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఆసుపత్రిలో డాక్టర్లుంటారు, నేను పోయి చేసేదేముంది అనుకున్నాను. నా దగ్గర ఎప్పుడూ ఒక వాదన ఉంటుంది. ఒడిలో నిండు సీసాతో, కాళ్ల దగ్గర సూట్‌కేసుతో కడప చేరాను. పేపర్లలో ఒక్కటి కూడా నలగలేదు.

రెండు రోజులు అక్క కంట్లో చుక్కలు వేశాను. రెండో రోజు అక్క, కట్టు కట్టిన కన్నుతో నా వైపు తల తిప్పి, "ఏమే, రెండు దినాలాయ, ఎవరితోనూ పోట్లాడలేదు. ఒళ్లు బాగుండాదా?" అంది. అప్పుడు చెప్పాను. అంతా విని, "పేరేమి ఆమెది?" అంది.

"అడగలేదు."

అక్క ఇంకేమీ అనలేదు. ఏదన్నా అని ఉంటే నేనూ ఏదో అనేదాన్ని.

మూడో రోజు ఆ ఊళ్లో దిగి ఆసుపత్రికి పోయాను. నర్సు రిజిస్టరు తెరిచి పేరు అడిగింది. తెలియదన్నాను.

"మీకేమవుతాదామె?"

"నా సామాను చూసినామె" అన్నాను.

నర్సు తలెత్తి నన్ను చూసి మళ్లీ రిజిస్టరులోకి వంగింది. ఆ రోజు స్టేషన్ నుంచి వచ్చిన వాళ్లలో ముసలి ఆడవాళ్లు ఇద్దరంట. ఒకామె మరుసటి రోజు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా మంచం దిగి పోయింది. ఒకామెకు ఊపిరి అందక కర్నూలు పెద్దాసుపత్రికి పంపారు.

"దగ్గుతా ఉన్నామె ఎవరు?"

"ఇద్దరూ దగ్గుతానే ఉండ్రి మ్మా."

అక్కడి నుంచి ఒక వాదన నా తలలో మొదలైంది, ఇంకా తెగలేదు. మొండి మనిషి, మనవరాలిని చూడాలని మంచం దిగి పోయే ఉంటుంది అంటుంది ఒక గొంతు. ఎవరు లెమ్మన్నా లేవని మనిషి, నిన్ను నీళ్లు తెమ్మని పంపిన మనిషి, నువ్వు రాకముందే ఎట్లా లేస్తుంది అంటుంది ఇంకో గొంతు. రెండూ నా గొంతులే. ఏది గెలిచినా నాకు నిద్ర లేదు.

కర్నూలు ఆసుపత్రిలో పేరు లేని మనిషి కోసం మంచం మంచం తిరిగాను. కమలాపురంలో దిగి, రెండో ఆడపిల్ల పుట్టి, అత్త మూతి ముడుచుకున్న ఇల్లు ఎక్కడుందని అడగాలా? అట్లాంటి ఇళ్లు లేని వీధి ఎక్కడుంది? ఒక చర్చి అయ్యగారిని అడిగితే ఆయనా మొదట పేరే అడిగాడు.

మొన్న బేతంచెర్ల పోయాను. సీసా సంచిలో పెట్టుకుని పోయాను. అందులో ఆ సందులో ఇంటామె పోసిన నీళ్లే ఉన్నాయి. పారబోయడానికి చేయి రాలేదు. పాలిష్ షెడ్ల వరుస వెంట నడుస్తుంటే ఊరంతా పిండి చల్లినట్టు తెల్లని దుమ్ము. మిషన్ల హోరులో నా మాట నాకే వినిపించలేదు. అడిగిన ప్రతి చోటా అంతే. దగ్గు పట్టుకుని మానేసిన ఆడమనిషా? ఎంతమంది లేరు?

ఒక షెడ్డు గోడ పక్కన సీసాలు వరుసగా పెట్టి ఉన్నాయి. పచ్చ పేలిక, నీలం పేలిక, పువ్వుల గుడ్డ పేలిక. ఎర్రవి మూడున్నాయి. నా సంచిలోని సీసా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఎవరైనా గుర్తుపడతారేమోనని. మొహానికి గుడ్డ కట్టుకున్న ఒకామె మిషను దగ్గర నుంచి వచ్చింది. గుడ్డ కిందికి లాగి దగ్గింది.

"నీళ్లుండాయా మ్మా అందులో?"

నేను ఏమీ అనకముందే తీసుకుని మూత తిప్పింది. ఒక గుక్క నోట్లో పోసుకుని దుమ్ములోకి ఉమ్మేసింది.

"యా కాలం నీళ్లు మ్మా ఇవి? మురిగిపోయినాయి. పారబోసి వేరేటివి పట్టుకోని రా. అద్దో, కుళాయి."

కుళాయి నాలుగడుగుల దూరంలో ఉంది. పోయాను. పాత నీళ్లు పారబోశాను. మెడదాకా నింపి తెచ్చి ఇచ్చాను. ఆమె నిలబడే సగం తాగింది. మూత పెట్టి, అలవాటుగా, ఆ సీసాను తీసుకుపోయి గోడ పక్కన వరుసలో పెట్టింది. మళ్లీ గుడ్డ పైకి లాక్కుని మిషను దగ్గరికి పోయింది.

నేను అడిగి తీసుకోలేదు. గేటు దాకా వచ్చి వెనక్కి చూస్తే, నాలుగు ఎర్రపేలికల్లో ఏది ఆ సీసానో తెలియలేదు.

బస్సు ఊరు దాటాక తట్టింది, ఈమె పేరు కూడా నేను అడగలేదని.